విండోస్ 11కి మారాలా వద్దా: మా డీటీపీ సెంటర్‌లో మూడు నెలలు

తమిళులకు ఆడి మాసం వస్తే పెళ్లిళ్లు ఉండవు. చెన్నై ప్యారిస్ ప్రాంతంలోని ఆండర్సన్ స్ట్రీట్‌లో పెళ్లిపత్రికల దుకాణాలవాళ్లు ఆ నెలంతా స్టాకు సర్దుకుంటూ కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే మనకు శ్రావణం మొదలవుతుంది. నెల్లూరు, సూళ్లూరుపేట, నగరి వైపు నుంచి తెలుగు పత్రికల కోసం వచ్చేవాళ్లు మా మెట్లెక్కేది ఆ రోజుల్లోనే. ఉదయం సూళ్లూరుపేట బండెక్కి సెంట్రల్‌లో దిగి, పదకొండుకల్లా మా ముందు కూర్చుంటారు. సాయంత్రం బండికి ప్రూఫ్ పట్టుకుని వెళ్లిపోవాలి.

2025 శ్రావణంలో అలాంటి ఒక ఉదయం, నలుగురు వెయిట్ చేస్తుండగా, మా దగ్గర పద్నాలుగేళ్లుగా టైపింగ్ చేస్తున్న అమ్మాయి గట్టిగా పిలిచింది. "అక్కా, ఇదేదో అక్టోబరుతో ఆగిపోతుందంటోంది, చూడండి!"

స్క్రీన్ నిండా నోటీసు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుంది, విండోస్ 11కి మారండి అని. తర్వాత చూద్దామని మూసేసి పనిలో పడ్డాం. కానీ ఆ రోజంతా నాకు అదే టెన్షన్. అక్టోబరు 15 పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే తెరుచుకోదేమోనని నిజంగానే అనుకున్నాను.

ఆ రాత్రి మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు సిరుసేరిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "ఆగిపోదత్తా, మామూలుగానే నడుస్తుంది. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి, అంతే" అన్నాడు. ప్రతి నెలా రెండో మంగళవారం ఆ అప్‌డేట్లు వస్తాయట. విండోస్‌లో ఎవరో ఒకరు ఏదో ఒక లోపం కనిపెడుతూనే ఉంటారు, ఆ అప్‌డేట్ దాన్ని పూడుస్తుంది. అక్టోబరు 14 కూడా రెండో మంగళవారమే. ఆ తర్వాత కనిపెట్టిన లోపాలు మన కంప్యూటర్‌లో అలాగే తెరిచి ఉండిపోతాయి.

"అయితే ఇంకో రెండేళ్లు ఇలాగే లాగించొచ్చు కదరా?"

"మీ షాపులో రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెడతారత్తా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ముప్పైకి తక్కువ ఉండవు. ఫొటో ఒకరు, దేవుడి బొమ్మ ఒకరు, పాత పత్రిక ఒకరు తెస్తారు. వాట్సాప్‌లో వచ్చేవి వేరే. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫైళ్లు రోజంతా తెరిచే కంప్యూటర్లు మావి. ఇంట్లో ఒక్కరే వాడుకునే కంప్యూటర్ సంగతి వేరు, మాలాంటి షాపు సంగతి వేరు. ఈ తేడా ఆలోచించకుండా పక్కవాళ్లు ఏం చేశారో అదే చేస్తే లాభం లేదని అప్పుడే అర్థమైంది.

మా దగ్గర ఏమేం ఉన్నాయో చెబుతాను. షాపులో రెండు, ఇంట్లో ఒక ల్యాప్‌టాప్. మొదటిది 2014లో కొన్నాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది కాబట్టే కొన్నాం. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. విండోస్ 7తో వచ్చింది. విండోస్ 10 ఉచితంగా ఇస్తున్న గడువు 2016 జూలై 29తో ముగుస్తుందంటే, ఆ నెలలోనే హడావిడిగా మార్పించాం. తెలుగు టైపింగ్ అంతా దీని మీదే. రెండోది 2019లో కొన్నది. ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. డిజైనింగ్ దీని మీద. ఇంట్లో ల్యాప్‌టాప్ 2016 నాటి ఆరో తరంది. దాని మీద మావారు షాపు లెక్కలు రాసుకుంటారు.

మర్నాడు రెండో కంప్యూటర్‌లో పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం వేసి చూశాను. విండోస్ 11కి ఈ పీసీ సరిపోదని వచ్చింది. మొదటిదానికీ అదే జవాబు. రెండూ పనికిరావనుకుని ఆ సాయంత్రమే కంప్యూటర్ల దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. కొత్తవి రెండు కొంటే ఎంతవుతుందని అడిగితే, ఒక్కోటి 50 వేలకు పైనే చెప్పారు. శ్రావణంలో వచ్చే డబ్బు మొత్తం దానికే పోతుంది. ఇంకో షాపతను "కొత్తది ఎందుకు మేడమ్, చెక్ చేయకుండా లోడ్ అయ్యేలా నేను చేసిస్తాను, రెండు వేలివ్వండి" అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వకుండా వెనక్కి వచ్చాను. నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. రెండో కంప్యూటర్ ముందు కూర్చుని, సరిపోదన్న మాట కింద రాసిన కారణాలు చదివాడు. నేను పైమాట చదివి వదిలేశాను, కింద చదవనే లేదు. ప్రాసెసర్‌తో ఇబ్బంది లేదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి విండోస్ 11కి పనికొస్తాయి. అడ్డం వచ్చినవి రెండు: టీపీఎం 2.0, సెక్యూర్ బూట్.

టీపీఎం అంటే తాళంచెవులను భద్రంగా దాచుకునే చిన్న అర లాంటిది. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనే పేరుతో ప్రాసెసర్‌తో పాటే వస్తుంది, కానీ బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉండొచ్చు. మాది ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేయడానికి రెండు నిమిషాలు పట్టింది. సెక్యూర్ బూట్ అంటే ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాంలనే రానిచ్చే కాపలా. అది అంత తేలిక కాలేదు. మాకు అసెంబుల్ చేసిచ్చినవాళ్లు 2019లోనే విండోస్‌ని పాత లెగసీ పద్ధతిలో ఎక్కించారు. సెక్యూర్ బూట్‌కి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి. దానికి హార్డ్‌డిస్క్ విభజనే మారాలి, ఎంబీఆర్ అనే పాత రకం నుంచి జీపీటీ అనే కొత్త రకానికి.

"ఫార్మాట్ చేయాలా?" అన్నాను. నా గొంతు మారిపోయింది.

"అక్కర్లేదత్తా. విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అని ఒక టూల్ ఉంది. డేటా పోకుండా మారుస్తుంది. కానీ బ్యాకప్ లేకుండా నేను ముట్టుకోను."

బ్యాకప్ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరు వరదల్లో వ్యాసర్పాడిలోని మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. మంచం కింద పెట్టిన ఎక్స్‌పీ నాటి సీపీయూ రెండు రోజులు నీళ్లలోనే ఉంది. అందులో ఉన్న ఆరేళ్ల పనిలో, సీడీల్లో రాసి షాపులో పెట్టుకున్నవి మాత్రమే మిగిలాయి. అప్పటినుంచి ప్రతి శనివారం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తాను.

ఇక్కడిదాకా ఇది ఎవరి ఇంట్లోనైనా జరిగే కథే. మాకు అసలు సమస్య మాస్టారి రూపంలో వచ్చింది.

మాస్టారు పెరంబూరులో ఉంటారు. తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. 2009లో ఆయన రాసిన శతకం మా దగ్గరే టైప్ చేయించి, 200 కాపీలు వేయించుకున్నారు. నూటెనిమిది ఆటవెలదులు. ఆగస్టులో వచ్చి, డాలస్‌లో ఉన్న మనవడు తాతయ్య పద్యాలు ఫోన్‌లో చదువుకుంటానన్నాడని, పంపించగలవా అమ్మా అని అడిగారు. ఫైల్ ఉంది. మా టైపింగ్ అమ్మాయి మొదటి పద్యాన్ని కాపీ చేసి, వాట్సాప్ వెబ్‌లో పెట్టి, ముందు ఆయనకే పంపింది.

మాస్టారు కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు, తోకలున్న ఏవో ఐరోపా అక్షరాలు. "అమ్మా, ఇది తెలుగు కాదు గదమ్మా" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఆయన అన్నది అక్షరాలా నిజం. మేం ఇన్నేళ్లూ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెడతారు. లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఆ ఫాంట్ ఉన్నంతవరకు అది 'క'లా కనిపిస్తుంది. ఫాంట్ తీసేస్తే మిగిలేది ఆ గుర్తే. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్‌లో అలా కాదు. అక్కడ 'క'కి తనదైన నంబరు ఉంది. 'క్ష' అని రాస్తే క, పొల్లు, ష అనే మూడూ వరసగా నిల్వవుతాయి. ఏ ఫోన్‌లో, ఏ దేశంలో తెరిచినా అది తెలుగే. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంట్ ఇచ్చారు. మేం అటు చూడలేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. మా చేతులకు ఆ పేజ్‌మేకరే అలవాటు.

మా దగ్గర పెళ్లిపత్రికలే కాదు. గుడి పంచాంగాలు, సంఘాల సావనీర్లు, స్మృతి సంచికలు, ఇలాంటి చిన్న పుస్తకాలు కలిపి పదకొండు వందలకు పైగా ఫైళ్లున్నాయి. వావిళ్ల ప్రెస్ నడిచిన ఊళ్లో తెలుగు అక్షరాలు కూర్చి బతుకుతున్నానన్న గౌరవం నాకు నా పని మీద ఎప్పుడూ ఉంది. ఆ అక్షరాలు ఒక్క పాత డబ్బాలో తప్ప బయట ఎక్కడా తెలుగుగా బతకవని తెలిసినప్పుడు, నిజం చెప్పాలంటే, ఏడుపొచ్చింది.

విండోస్ 11కి మారాలా అన్న ప్రశ్న అక్కడినుంచి మారిపోయింది. మారితే ఈ ఫైళ్లేమవుతాయి అన్నదే నాకు ముఖ్యమైంది.

ఊహల మీద నిర్ణయం తీసుకోకూడదని, రిచీ స్ట్రీట్‌లో రెండు వేల చిల్లర పెట్టి 250 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి కొన్నాను. తర్వాతి ఆదివారం మేనల్లుడు రెండో కంప్యూటర్‌లో పనిచేసే డిస్క్ వైరు ఊడదీసి పక్కన పెట్టి, కొత్త ఎస్ఎస్‌డీ తగిలించి, దాని మీద విండోస్ 11 ఎక్కించాడు. ఏం జరిగినా మా పని డిస్క్‌కి సంబంధం లేదు. నన్నడిగితే, ఈ నిర్ణయం ముందున్న ప్రతివాళ్లూ వీలైతే ముందు ఇలాగే చేసి చూడాలి. నెట్‌లో వందమంది అభిప్రాయాలు చదవడం కంటే మన ఫైల్ మన ప్రింటర్ మీద వస్తుందో లేదో చూసుకోవడం నయం.

పేజ్‌మేకర్ తెరుచుకుంది. పాత ఫాంట్లు కాపీ చేస్తే అవీ ఎక్కాయి. 2009 నాటి శతకం తెరిస్తే ఒక్క ఒత్తు కూడా చెదరకుండా వచ్చింది. ప్రింట్ కూడా వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం. ఇక టైప్ చేద్దామని తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ వేస్తే, అక్కడ ఆగింది.

ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే ఒక డాంగిల్ పెట్టాలి, వేలెడంత హార్డ్‌వేర్ తాళం. దాని డ్రైవర్ 32 బిట్ విండోస్ కోసం రాసింది. 64 బిట్ విండోస్ అలాంటి డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. మా మొదటి కంప్యూటర్‌లో విండోస్ 10 అయినా 32 బిట్‌దే వేసి ఉంచడానికి కారణం ఈ డాంగిలేనని అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో చేసిన ఏర్పాటు, ఎందుకు చేశామో మర్చిపోయి ఏళ్లుగా దాని మీదే నడిచాం. అమ్మిన డీలరుకి ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు.

ఆ టెస్ట్ వల్ల ఇంకో సంగతి తెలిసింది. ఎస్ఎస్‌డీ మీద విండోస్ 11 ఎక్కించేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాం. తర్వాత ఆ ఎస్ఎస్‌డీని ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడిగింది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా ఎక్కించినప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌కి వేసే తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు ఏం చేస్తారని తలచుకుంటే భయమేసింది. ఆ 48 అంకెలూ పద్దుల పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. మీరు మారినా మారకపోయినా, మీ డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఆ రాత్రి షాపులో కూర్చుని, నేను, మేనల్లుడు, మా అమ్మాయి ముగ్గురం మాట్లాడుకున్నాం. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో జవాబు తేలింది.

ఇంటి ల్యాప్‌టాప్ ఆరో తరంది, విండోస్ 11 తీసుకోదు. దానికి ఒక సంవత్సరం అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరాం. 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు అక్కర్లేదు. మేం రెండోది ఎంచుకున్నాం. పది నిమిషాల పని. కొంతమంది ఇది వాయిదా వేయడమే కదా అంటారు. వాయిదాయే, కానీ తొమ్మిదేళ్ల ల్యాప్‌టాప్‌కి ఏడాది అంటే చిన్నది కాదు. తర్వాత అందులో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోమని మేనల్లుడి సలహా. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించాడు. తెలుగు చక్కగా కనిపించింది, బ్రౌజర్, లెక్కల షీట్లు అన్నీ ఉన్నాయి. ఇంటి వాడకానికి అది చాలనిపించింది. షాపులో మాత్రం మా పాత డిజైన్ ఫైళ్లు విడిచిపెట్టలేం కాబట్టి అటు వెళ్లలేదు.

మొదటి కంప్యూటర్ మీదే ఎక్కువ వాదన జరిగింది. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే పని వద్దన్నాడు మేనల్లుడు. సరిపోని యంత్రాల్లో ఎక్కిస్తే అప్‌డేట్లకు గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే మారుతూ, అప్‌డేట్లు వస్తాయో రావో తెలియని దారి పట్టడమెందుకు? పైగా ఎక్కిస్తే డాంగిల్ పోతుంది. చివరికి దాని నెట్ కేబుల్ పీకేశాం. అది ఇక నెట్‌కి వెళ్లదు. బయటివాళ్ల పెన్‌డ్రైవ్ దానికి పెట్టకూడదు. ఎర్ర రిబ్బన్ కట్టిన మా పెన్‌డ్రైవ్ ఒక్కటే దానికీ రెండోదానికీ మధ్య తిరుగుతుంది. పాత ఫైళ్లు తెరవడానికి, మార్పించడానికి మాత్రమే అది. అది పాడైతే ఎలా అన్న భయంతో అదే మోడల్ మదర్‌బోర్డు సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొని అల్మారాలో దాచాను. డాంగిల్ మాత్రం ఒక్కటే ఉంది, దానికి జత దొరకదు.

రెండోది విండోస్ 11కి మారుతుంది. ఇకమీదట కొత్త పని ఏదైనా యూనికోడ్‌లోనే. దీనికి మా అమ్మాయి ఒప్పుకోవాలి. నేను ఆమెను బలవంతం చేయదలచుకోలేదు. పద్నాలుగేళ్లుగా ఆమె వేళ్లకు తెలిసిన కీబోర్డు అది. కళ్లు మూసుకుని ఒత్తులు వేసేది.

"పదిహేను రోజులివ్వండి అక్కా, స్పీడ్ రాకపోతే అప్పుడు చెబుతాను" అంది.

విండోస్‌లోనే ఉండే ఇన్‌స్క్రిప్ట్ అనే యూనికోడ్ కీబోర్డు నేర్చుకుంది. ఎడమ చేతివైపు అచ్చులు, గుణింతాలు, కుడివైపు హల్లులు. మొదటి వారం ఒక పత్రికకు గంటన్నర పట్టింది. పాత పద్ధతిలో ఇరవై నిమిషాల పని అది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. అది కూడా చూసింది కానీ, ప్రతి తెలుగు మాటా ముందు ఇంగ్లిష్‌లో తలచుకోవాల్సి వస్తోందని వదిలేసింది. మూడో వారానికి ఇన్‌స్క్రిప్ట్‌లో అరగంటకు దిగింది. ఆమెను ఏడిపించినవి చిన్న చిన్న విషయాలు. 'పేజ్‌మేకర్' అని కొడితే జకారం కింద మకారం ఒత్తుగా దిగిపోతుంది. అలా కలవకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. పొల్లుతో ఆగే ఇంగ్లిష్ మాటలు పత్రికల్లో ఎన్నుంటాయో అప్పుడు గమనించాం. వరుడి కంపెనీ పేరు దగ్గర మొదలవుతాయి, కళ్యాణ మండపం అడ్రసు దాకా అవే.

పేజీ పెట్టడానికి ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనేది ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి. ఉచితంగా వచ్చే స్క్రైబస్ 1.6 కూడా తెలుగు సరిగ్గానే కూరుస్తోంది. చిన్న పనులకు మేం అదే వాడుతున్నాం. ఫాంట్ల దగ్గర మాత్రం రాజీ పడాల్సి వచ్చింది. పాత ఫాంట్లలో పత్రికలకని ఉన్న వంపుల అక్షరాలు అన్నీ యూనికోడ్‌లో దొరకలేదు. రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి అందంగా ఉంటాయి. అయినా 'శ్రీరస్తు, శుభమస్తు' అన్న పైవరసకు నాకు ఇప్పటికీ పాత ఫాంటే కావాలనిపిస్తుంది. ఆ ఒక్క వరసనూ పాత కంప్యూటర్‌లో వేసి, బొమ్మగా మార్చి తెచ్చుకుంటున్నాను.

మారిన రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అక్టోబరు మొదటి ఆదివారం, దీపావళి రద్దీ మొదలవకముందు. డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టుగా నకలు (ఇమేజ్) తీసుకుని బయటి హార్డ్‌డిస్క్‌లో పెట్టాం. యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకున్నాం. మార్చేముందు ఆ ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో ఒకసారి పరీక్షిస్తే కుదరదంది. మా డిస్క్ మీద నాలుగు విభాగాలున్నాయి, మూడుకి మించకూడదట. అందులో ఒకటి అసెంబుల్ చేసినప్పుడు వదిలేసిన ఖాళీ ముక్క. దాన్ని తీసేస్తే ఒప్పుకుంది. మార్చడానికి పట్టింది నిమిషంలోపే. బయోస్‌లో యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, మళ్లీ విండోస్ 10 తెరుచుకునేదాకా నేను ఊపిరి పీల్చలేదు. ఆ తర్వాత విండోస్ 11 రెండు గంటల్లో ఎక్కింది. ఫైళ్లు, ప్రోగ్రాంలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చని తెలుసు కాబట్టి, ఆ పది రోజుల్లోనే మా దగ్గరున్న ప్రతి రకం పనీ ఒకటికి రెండుసార్లు చేసి చూశాం. టాస్క్‌బార్‌ని మధ్యలోంచి ఎడమకు జరిపాం. రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ రావడానికి ఇంకో క్లిక్ కొట్టాల్సి రావడం మా అమ్మాయికి ఇప్పటికీ నచ్చదు.

ఇక మాస్టారి శతకం. పాత ఫాంట్ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒకటి వేసి చూశాం. నూటికి తొంభై పాళ్లు చక్కగా మారింది. మిగిలిన చోట్ల కన్వర్టర్‌ని తప్పుపట్టలేను. పాత పద్ధతిలో మేం కంటికి ఎలా కనిపిస్తే అలా కొట్టాం. క్రావడిని కొన్నిచోట్ల అక్షరానికి ముందు పెట్టాం, కొన్నిచోట్ల తర్వాత పెట్టాం. వట్రసుడి దొరకనప్పుడు దాని బదులు ఇంకో గుర్తు వాడాం. ప్రింట్‌లో అది ఎవరికీ తెలియలేదు. యూనికోడ్‌లోకి రాగానే 'ప్రజ' కాస్తా ఇంకేదో అయింది. పద్యం పద్యం పుస్తకంతో పోల్చి చూసుకుంటూ, రోజుకు పది చొప్పున సరిచేశాను. పదకొండు వందల ఫైళ్లూ ఇలా చేయలేను. పెళ్లిపత్రికలను అలాగే పీడీఎఫ్‌లుగా దాచేస్తున్నాం. పుస్తకాలు, స్మృతి సంచికలు మాత్రం వదలను. ఇప్పటికి 2011 దాకా వచ్చాను.

శతకం పూర్తయ్యాక మాస్టారి ఫోన్‌కి పంపాను. ఈసారి తెలుగు వచ్చింది. ఆయన అక్షరాలను వేళ్లతో పెద్దవి చేసుకుని, మా షాపులోనే స్టూల్ మీద కూర్చుని మొదటి పద్యం పైకి చదివారు. డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి. అయినా మనవడికి వెంటనే పంపేశారు.

వారం తర్వాత ఒక కాగితం పట్టుకుని మళ్లీ వచ్చారు. 'నేఁడు' అని ఉండాల్సిన చోట 'నేడు' అని ఉందట. 'వాఁడు', 'లేఁడు', 'తోఁట', అన్నిచోట్లా అరసున్నాలు ఎగిరిపోయాయి. పాత ఫాంట్‌లో మేం అరసున్నాకి వాడిన గుర్తును కన్వర్టర్ గుర్తుపట్టక వదిలేసింది, నా కంటికీ ఆనలేదు. కాగితం మీద పద్యం నంబరు, పాదం నంబరు వేసి నలభై ఒక్క చోట్లు రాసుకొచ్చారు. ఇన్‌స్క్రిప్ట్‌లో సున్నా ఉన్న కీనే షిఫ్ట్‌తో నొక్కితే అరసున్నా వస్తుంది. ఆయన చదువుతుంటే, ఆయన ఎదురుగానే కూర్చుని నలభై ఒకటీ పెట్టి పంపాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "నలభై రెండోది నేనే మర్చిపోయానమ్మా. డెబ్భై మూడో పద్యం, మూడో పాదం చూడు."

చూశాను. ఉంది. పెట్టాను.